కస్టమర్ చెప్పేది కంప్లైంట్, ఫాల్ట్ కాదు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒంగోలులో మీ రూమ్‌లో నలుగురు కూర్చుని ‘కసాండ్రా’ అనే సిరీస్ మొదటి ఎపిసోడ్ చూశారు. ఒకడు సగంలోనే గురక పెట్టాడు. ఇంకొకడు సెట్టింగులు అదిరిపోయాయన్నాడు. మూడోవాడు ఇదంతా పాత సినిమాల కాపీ అని తేల్చేశాడు. నీకేం చెప్పాలో తోచలేదు. ప్రశ్న చివర్లో మాత్రం, ఎవరైనా నవ్వుతారేమోనన్నట్టు, ఒక మాట రాశావు: “ఆ యంత్రం నవ్వితే, చుట్టాల ముందు మా అమ్మ కోపం ఆపుకుని నవ్వినట్టుంది.” ఒక్క ఎపిసోడ్ చూసి సైన్స్ ఫిక్షన్ మినీ సిరీస్ మీద అభిప్రాయం చెప్పొచ్చా, చెబితే ఏం చూసి చెప్పాలి అన్నది నీ ప్రశ్న.

చెప్పొచ్చు. పూర్తిగా చూడకుండా నోరెత్తకూడదనే పెద్దమనుషుల మాట నేను ఒప్పుకోను. కాకపోతే మొదటి అభిప్రాయంలో రెండు సరుకులు కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయడం నాకు సినిమా పుస్తకాలు నేర్పలేదు, టీవీ రిపేరు నేర్పింది.

నెల్లూరులో ట్రంకు రోడ్డు నుంచి లోపలికి వచ్చే ఒక సందులో నా షాపు. 1986లో, పదిహేడేళ్ల వయసులో పనికి చేరాను. చెక్క షట్టరున్న బ్లాక్ అండ్ వైట్ సెట్ల కాలం అది. తర్వాత కలర్ వచ్చింది, కేబుల్ వచ్చింది, ఇప్పుడు ఎల్ఈడీ ప్యానెళ్లు. రిపేరైన సెట్టు సరిగ్గా ఆడుతోందో లేదో తెలియాలంటే ఏదో ఒకటి పెట్టుకుని దాని ముందు కూర్చోవాలి కదా, నా సైన్స్ ఫిక్షన్ చదువంతా అట్టా సాగింది. దూరదర్శన్‌లో వచ్చిన స్టార్ ట్రెక్, వీడియో క్యాసెట్లు, 1998లో మిలింద్ సోమన్ ‘కెప్టెన్ వ్యోమ్’, ఆ తర్వాత సీడీలు, ఇప్పుడు ఓటీటీలు. కస్టమర్ల టీవీల్లో చూసినన్ని నా సొంత టీవీలో చూడలేదు.

పనిలో చేరిన మొదటి వారమే మా గురువు రిపేరు పుస్తకంలో గీత గీసి రెండు గడులు చేసి చూపించాడు. ఎడమ గడిలో కస్టమర్ చెప్పింది, కుడి గడిలో మనం కనిపెట్టింది. “కస్టమర్ చెప్పేది కంప్లైంట్ రా, ఫాల్ట్ కాదు. ఆ రెండూ కలిపి రాశావంటే చెయ్యి విరగ్గొడతా” అన్నాడు. ఒకసారి కోవూరు నుంచి ఒకాయన సైకిలు వెనక సెట్టు కట్టుకుని వచ్చాడు. “బొమ్మంతా సన్నగా ఒక్క గీతైపోయిందన్నా. పిక్చర్ ట్యూబు పోయింది, మా బావ చెప్పాడు.” ఇందులో మొదటి వాక్యం బంగారం. గీత వెలుగుతోందంటే ట్యూబు బాగున్నట్టే, దానికి కరెంటిచ్చే ఈహెచ్‌టీ కూడా బాగున్నట్టే. బొమ్మను పైకీ కిందికీ సాగదీసే వర్టికల్ సెక్షన్ ఆగిపోయింది. సెట్టు విప్పితే ఒక డ్రై సోల్డర్, అంటే సరిగ్గా పట్టు లేని అతుకు. పది నిమిషాల పని. రెండో వాక్యం, అదే ఆ బావగారి మాట, నమ్మి ఉంటే ఆయనకు కొత్త ట్యూబు ఖర్చు పడేది.

మీ రూమ్‌లో జరిగింది కూడా ఇదే. “నాకు నిద్రొచ్చింది” అన్నది కంప్లైంట్. అది అబద్ధం కావడానికి వీల్లేదు, వచ్చింది కాబట్టి వచ్చింది. “స్క్రీన్‌ప్లే వీక్, ల్యాగ్ ఎక్కువ” అన్నది బావగారి మాట. ఒక్క ఎపిసోడ్‌తో కుడి గడి నింపలేవు. ఎడమ గడి మాత్రం ఆ రాత్రే నింపాలి, ఎందుకంటే ఆరు ఎపిసోడ్లు అయ్యేసరికి మొదట్లో ఏమనిపించిందో మనకే గుర్తుండదు.

చూడనివాళ్ల కోసం సిరీస్ గురించి నాలుగు ముక్కలు. ‘కసాండ్రా’ జర్మన్ మినీ సిరీస్, 2025 ఫిబ్రవరి 6న నెట్‌ఫ్లిక్స్‌లో ఆరు ఎపిసోడ్లూ ఒకేసారి వచ్చాయి. రాసిందీ తీసిందీ బెంజమిన్ గుట్ష. ఒక విషాదం తర్వాత ఒక కుటుంబం ఊరికి దూరంగా ఉన్న ఇంట్లో దిగుతుంది. 1970ల్లో కట్టిన ఇల్లు, జర్మనీలోనే మొట్టమొదటి స్మార్ట్ హోమ్ అని చెబుతారు. యాభై ఏళ్లుగా మూసి ఉంది. గదిగదికీ ఒక స్క్రీన్, చక్రాల మీద తిరిగే ఒక రోబో, అన్నింటి మీదా ఒకే ఆడమనిషి ముఖం. ఆ ముఖం లవీనియా విల్సన్ అనే నటిది. ఇంతకుమించి కథ చెప్పను.

నిద్రపోయినవాడి సంగతి తొందరగా తేల్చేద్దాం. ఎన్ని గంటలకు మొదలుపెట్టారు? మెస్సులో తిని వచ్చాక పదకొండింటికి అయితే వాడి తప్పేం లేదు, సిరీస్ తప్పూ లేదు. ఎక్కడ నిద్రపోయాడన్నది మాత్రం అడుగు. ఇంట్లో సామాన్లు దించుకునే చోట పోతే ఒక అర్థం, యంత్రం మేలుకున్నాక కూడా పోతే ఇంకో అర్థం.

దీనికంటే ముందు చూడాల్సింది ఇంకొకటుంది. మా లైన్లో ఒక మాట అంటాం, సగం కంప్లైంట్లు సెట్టులో ఉండవు, ఏంటెనాలో ఉంటాయని. అంటే లోపం బొమ్మలో కాదు, బొమ్మ మన దగ్గరికి వచ్చే దారిలో. మీరు ఇంగ్లీష్ డబ్బింగ్‌లో చూశామని రాశావు. పెదవులు జర్మన్‌లో కదులుతుంటే మాట ఇంగ్లీష్‌లో వస్తుంది. మామూలు డ్రామాలో అయితే సర్దుకుపోవచ్చు. ఈ కథలో ముఖానికీ గొంతుకీ మధ్య తేడా రావడమే భయం పుట్టించే విషయం. ఆ తేడా నటి తెచ్చిందో, డబ్బింగ్ తెచ్చిందో తెలియకపోతే ఇక మొదటి అభిప్రాయానికి విలువేముంది? ఆడియో జర్మన్‌కి మార్చి, సబ్‌టైటిల్స్ పెట్టుకో. చదువుతూ ఉంటే ఫోన్ మీదకు చూపు పోదు, అదొక లాభం.

ఇంకో ఏంటెనా దోషం కొత్త టీవీల్లో ఉంది. కొన్న రోజు నుంచే అందులో కదలికను నున్నగా చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, పేరులో ‘మోషన్’ అనో ‘స్మూత్’ అనో కనిపిస్తుంది. క్రికెట్‌కి పనికొస్తుందేమో గానీ, సినిమాలాగా తీసిన సిరీస్‌ని అది మధ్యాహ్నం సీరియల్‌లాగా మార్చేస్తుంది. “గ్రాఫిక్స్ చీప్‌గా ఉన్నాయన్నా” అని నా దగ్గరికి వచ్చే కంప్లైంట్లలో చాలావాటికి ఇదే కారణం. సెట్టింగ్ ఆపేసి చూపిస్తే వాళ్లే నోరెళ్లబెడతారు.

ఈ విషయంలో నేనే ఒకసారి బోల్తా పడ్డాను. 2023 అక్టోబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘బాడీస్’ వచ్చింది, ఎనిమిది ఎపిసోడ్లు. లండన్ వైట్‌చాపెల్‌లో ఒకే సందులో, ఒకే మనిషి శవం నాలుగు కాలాల్లో దొరుకుతుంది: 1890, 1941, 2023, 2053. ఒక్కో కాలానికి ఒక్కో పోలీసు. షాపులో కస్టమర్లకూ కస్టమర్లకూ మధ్య ఫోన్‌లో మొదటి ఎపిసోడ్ చూసి పుస్తకంలో రాసుకున్నాను, “ఎవరు ఏ కాలమో తెలియట్లేదు. ఎడిటింగ్ చెత్త. మానేద్దామా?” వారం తర్వాత ఒక 55 అంగుళాల సెట్టు రిపేరయింది. టెస్టింగ్‌కి అదే ఎపిసోడ్ పెట్టాను. స్క్రీన్‌ను ముక్కలు చేసి రెండు మూడు కాలాలను పక్కపక్కన చూపించిన చోట్లు ఉన్నాయి. అవి నా ఫోన్‌లో అగ్గిపెట్టెలంత కనిపించాయి. కంప్లైంట్ నిజమే, తికమకపడ్డాను. ఫాల్ట్ మాత్రం ఎడిటింగ్‌లో లేదు, నా చేతిలో ఉంది. కుడి గడిలో రాసింది కొట్టేశాను.

కాపీ అన్నవాడికి ఏం చెప్పాలి? తనంతట తాను పనులు చేసుకునే ఇల్లు మీద రే బ్రాడ్‌బరీ 1950లోనే కథ రాశాడు. మనుషులంతా పోయాక కూడా ఆ ఇల్లు పొద్దున్నే టిఫిన్ వండుతూనే ఉంటుంది. మాట్లాడే యంత్రం మనిషికి ఎదురు తిరగడం 1968 నాటి ‘స్పేస్ ఒడిస్సీ’ సినిమాలో ఉంది. వాటికి ముందూ ఉండే ఉంటాయి. అత్తాకోడళ్ల కథ ఎవడో ఒకడు మొదట రాశాడని మిగతావాళ్లు మానేశారా? ఎక్కణ్నుంచి తెచ్చారన్నది కాదు, ఎక్కడ పక్కకు తిరిగారన్నది అడగమను. వాడు జవాబు చెప్పగలిగితే వాడి మాట వినొచ్చు.

సెట్టింగులు బాగున్నాయన్నవాడితో నాకు పేచీ లేదు, పైగా వాడితో కూర్చుని ఒక గంట మాట్లాడాలనుంది. ఎందుకంటే ఆ రోబో తలకాయ నా వృత్తి. పాత పిక్చర్ ట్యూబు టీవీని మొండెం మీద పెట్టినట్టుంటుంది. ఆ గుండ్రటి అంచుల అద్దం చూస్తే చాలు, నా చేతులు స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కున్నాయి. మా ఆవిడ మాత్రం పక్కన చిక్కుడుకాయలు తుంచుకుంటూ ఒకే ఒక్క మాట అంది. “ఏందయ్యా ఇది, యాభై ఏళ్లు మూసేసిన ఇంట్లో మిషను ఒక్క దెబ్బకి పనిచేసిందా? మన మిక్సీ మూడు నెలలు అటక మీద పెడితే తిరగలా.”

అక్షరాలా సరైన కంప్లైంట్. అట్టాంటి సెట్టు నా బల్ల మీదికి వస్తే ఏం జరుగుతుందో చెబుతాను. ముందు నేను దాన్ని ప్లగ్గులో పెట్టను. వెనక మూత తీస్తే బొద్దింకల గుడ్లు, దుమ్ము, అప్పుడప్పుడూ ఎండిపోయిన బల్లి. మైపాడు, కోట వైపు నుంచి వచ్చే సెట్లయితే సముద్రపు గాలికి స్క్రూలు కూడా తుప్పుపట్టి ఉంటాయి. అన్నిటికంటే పెద్ద తంటా కెపాసిటర్లతో. మా షాపుల్లో కండెన్సర్లంటాం. పెద్దవాటి లోపల ఒక రకం ద్రవం ఉంటుంది. ఏళ్ల తరబడి కరెంటు అందకపోతే అది ఎండిపోతుంది, లోపలి సన్నని పొర దెబ్బతింటుంది. ఒక్కసారిగా పూర్తి కరెంటు ఇస్తే కొన్ని ఉబ్బుతాయి, కొన్ని టపాకాయలా పేలతాయి. అందుకే వేరియాక్ అనే పరికరం పెట్టి ఓల్టేజీని మెల్లమెల్లగా, ఎండలో సొమ్మసిల్లినవాడికి చెంచాతో నీళ్లు పట్టినట్టు, పెంచుకుంటూ పోతాం. అంత చేసినా సగం సెట్లు లేవవు. ఇక రోబో చక్రాలకు రబ్బరు ఉంటుంది, యాభై ఏళ్లలో అది అప్పడంలా విరిగిపోతుంది. వైర్లు ఎలుకలు వదిలిపెడితే గదా!

నిజంగా ఆ కాలంలో ఇంటికి కంప్యూటర్ అంటే ఏమిటో తెలుసా? 1969లో హనీవెల్ కంపెనీ వంటింటి కంప్యూటర్ అని ఒకటి అమ్మకానికి పెట్టింది. ధర 10,600 డాలర్లు. వంటకాలు దాచుకోవచ్చని ప్రకటన. దానికి స్క్రీన్ లేదు, నోరు లేదు. వరసగా స్విచ్చులు, వెలిగి ఆరే బల్బులు, అంతే. మా ఆవిడకి ఈ సంగతి చెబితే, “దాంతో కూర వండేలోపు పిల్లకాయలు హోటలుకి పోతారు” అంది. సంభాషణ విషయానికొస్తే, 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే ప్రోగ్రాం రాశాడు. టైపు చేసిన మాటనే ప్రశ్నగా తిప్పి అడిగే చిన్న ప్రోగ్రాం అది. దానికేమీ అర్థం కాదు. అయినా జనం దాని ముందు కూర్చుని కష్టసుఖాలు చెప్పుకోవడం చూసి రాసినవాడే బెదిరిపోయాడు. ఆయన బెర్లిన్‌లో పుట్టినవాడే. కసాండ్రా చూస్తున్నప్పుడు నాకు హనీవెల్ కంటే ఈ ఎలైజా ఎక్కువ గుర్తొచ్చింది.

మరి ఇన్ని లెక్కలు తప్పినప్పుడు సిరీస్ చెడిపోయినట్టేనా? కాదు. సైన్స్ ఫిక్షన్‌కి నేను ఒక్క అబద్ధం ఉచితంగా ఇస్తాను. కథ మొదలుకావడానికి కావాల్సిన పెట్టుబడి అది. “ఇల్లు మేలుకుంది” అన్నది ఆ పెట్టుబడి. మా ఆవిడ అడిగింది కంప్లైంట్ గడిలోనే రాశాను, ఫాల్ట్ గడిలోకి ఎక్కించలేదు. అదే నాలుగో ఎపిసోడ్‌లో కథ ఇరుక్కుపోయి, బయటపడ్డానికి ఇంకో అబద్ధం తెస్తే మాత్రం ఊరుకోను, అది అప్పు చేసి పప్పుకూడు. ఆ యంత్రానికి అంత తెలివి ఎక్కడిదని నువ్వు కూడా అడిగావు. సిరీస్ ఆ సంగతి మర్చిపోలేదు, అంతవరకే చెబుతాను.

మొదటి ఎపిసోడ్‌లో తన పద్ధతి ఏమిటో చెప్పి, ఆ పద్ధతిలో నిలబడ్డం గొప్ప సంగతి. 2003 డిసెంబర్‌లో అమెరికాలో రెండు రాత్రులు వేసిన ‘బాటిల్‌స్టార్ గలాక్టికా’ మినీ సిరీస్ నేను చాలా ఆలస్యంగా చూశాను. అందులో అంతరిక్ష యుద్ధాల్లో మోతను బాగా తగ్గించి, మూసిన తలుపు వెనక నుంచి వినబడ్డట్టు పెట్టారు. గాలి లేనిచోట శబ్దం ప్రయాణించదు కాబట్టి. వెలుగూ శబ్దమూ ఒకేలా ప్రయాణించవని మా వైపు వాళ్లు పుస్తకాల్లో చదవక్కర్లేదు. పాత నెల్లూరు జిల్లా సూళ్లూరుపేటలో మా మేనమామ ఇల్లు. రాత్రిపూట శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తే మిద్దె మీద నిలబడి చూస్తాం. తూర్పంతా నారింజ రంగుకి తిరుగుతుంది, రాకెట్ పైకి పాకుతుంది, ఒక్క చప్పుడుండదు. మేనమామ కొడుకు వేళ్ల మీద లెక్కపెడుతుంటాడు. దాదాపు నిమిషం పోయాక, రాకెట్ అప్పటికే చుక్కంత అయ్యాక, కింద షాపుల షట్టర్లు గడగడమంటాయి. చిన్నప్పట్నుంచీ వెలుగు ముందు, మోత తర్వాత అని ఒంటికి పట్టినవాళ్లం. అందుకని తెర మీద పేలుడూ ఢాం అనే శబ్దం ఒకేసారి వస్తే నాకు తెలియకుండానే చిన్నగా చిరాకొస్తుంది. ఆ సిరీస్ మొదటి రాత్రి చూసి నేను రాసుకున్న మాట “మోత తక్కువ, నమ్మకం ఎక్కువ”.

దాని మీద కంప్లైంట్లు ఎట్టా వచ్చాయో కూడా నీకు తెలియాలి. 1978 నాటి పాత సిరీస్‌లో స్టార్‌బక్ అనే పైలట్ మగవాడు. కొత్తదాంట్లో ఆడమనిషి. ఒక్క సీను కూడా చూడకముందే పాత అభిమానులు గొడవ చేశారు. ప్లగ్గు పెట్టకముందే సెట్టు బాగాలేదన్నట్టు. మొదటి సీను చూస్తే వాళ్ల నోళ్లు మూతపడి ఉండాలి. యుద్ధం ఆగి నలభై ఏళ్లు. ఒప్పందం ప్రకారం మనుషుల తరఫున ఒక ముసలి ఆఫీసరు ఏడాదికోసారి ఒక ఖాళీ గదికి వచ్చి బల్ల ముందు కూర్చుంటాడు. అవతలి పక్షం యంత్రాలు. అవి ఎవరినీ పంపవు. ఆ రోజు మాత్రం ఎదుటి తలుపు తెరుచుకుంటుంది. ఆ ముసలాయన బల్ల మీద సర్దుకున్న కాగితాల పక్కన ఇంట్లోవాళ్ల ఫొటో ఉంటుంది. నాకు ఆ ఫొటోతోనే పనైపోయింది.

ఇక నువ్వడిగిన అసలు సంగతి, ఏం చూసి చెప్పాలి? నేను వజ్రం కోసం వెతుకుతాను. ఈ మాట ‘ఆదిత్య 369’ నుంచి తెచ్చుకున్నది. తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు మన ఉదయగిరిలో పుట్టినవారు. ఆ సినిమా బయటికి రావడానికి సాయపడ్డ గాయకుడు ఎస్పీ బాలు గారూ మన నెల్లూరు వైపువారే. 1991 జూలై 18న విడుదలైంది. సరిగ్గా పదకొండేళ్ల ముందు, అదే తేదీన, శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వీ-3 మొదటిసారి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఇందులో అర్థమేమీ లేదులే, నాకు సరదా. సినిమాలో టైమ్ మెషిన్ 1526కీ, 2504కీ పోతుంది. కానీ కథ మెషిన్‌తో మొదలుకాదు, సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక వజ్రం, దాని మీద దొంగల కన్నుతో మొదలవుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు పక్క సీటువాడు “మెషిన్ యాడరా, ఈ దొంగల గోలేంది” అని విసుక్కున్నాడు. మెషిన్ రాయలవారి కాలానికి పోయాక, అదే వజ్రం అక్కడ కనిపించినప్పుడు వాడే నా తొడ మీద చరిచాడు. మన కళ్లెదుటే పెట్టి, మనల్ని పట్టించుకోనివ్వకుండా చేసిన వస్తువది. మంచి మినీ సిరీస్ మొదటి ఎపిసోడ్‌లో అట్టాంటిది ఒకటి ఉంటుంది. చివర ఎక్కడుందో ముందే తెలిసి రాసినవాడే దాన్ని అక్కడ పెట్టగలడు. ఏళ్ల తరబడి సాగే సిరీస్‌కి, మినీ సిరీస్‌కి నేను చూసే తేడా ఇదే. సాగేదానికి తర్వాత చూసుకుందాం అనే వెసులుబాటుంటుంది. ఆరు ఎపిసోడ్లదానికి ఉండదు.

వజ్రం దొరికినంత మాత్రాన చివరిదాకా బాగుంటుందని పూచీ లేదు. రిపేరు చేసిన సెట్టును మేం వెంటనే కస్టమర్ చేతిలో పెట్టం. రెండు గంటలు ఆడనిస్తాం. చల్లగా ఉన్నప్పుడు చక్కగా ఆడిన సెట్టు, వేడెక్కాక బొమ్మ కుంచించుకుపోవచ్చు. 2015లో మూడు రాత్రులు వచ్చిన ‘చైల్డ్‌హుడ్స్ ఎండ్’ నాకు అట్టా అయింది. ఆర్థర్ క్లార్క్ నవల ఆధారంగా తీశారు. మొదటి భాగం ఊపిరి బిగపట్టి చూశాను, మూడోదానికి వచ్చేసరికి వేడెక్కిపోయింది. తిరగబడిన ఉదాహరణ మన తెలుగులోనే ఉంది. 2021లో ఆహాలో వచ్చిన ‘కుడి ఎడమైతే’, పవన్ కుమార్ తీసిన ఎనిమిది ఎపిసోడ్లు. ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు, ఒక డెలివరీ కుర్రాడు ఒకే రోజులో ఇరుక్కుపోతారు. రోజు తిరిగి రావాలంటే ముందు ఆ రోజును ఒకసారి మామూలుగా చూపించాలి కదా. “ఏమీ జరగట్లేదు” అనే కంప్లైంట్ ఇట్టాంటి కథకి తప్పదు. అక్కడ మామూలుగా అనిపించిన ప్రతి చిన్న సంగతీ రెండోసారి వచ్చేటప్పుడు బరువెక్కుతుంది. మీ నిద్రమొహంవాడికి ముందు ఇది చూపించు, లేదా సోనీలివ్‌లో నాలుగే ఎపిసోడ్ల ‘జేఎల్50’. చిన్నది కాబట్టి మేలుకుని ఉంటాడు.

ఆరు ఎపిసోడ్లూ ఒకేసారి వదలడం వల్ల ఒక నష్టముంది. ఒకప్పుడు రెండు రాత్రుల సిరీస్ అంటే మధ్యలో ఒక పగలుండేది. టీ కొట్టు దగ్గర వాదించుకోవడానికి ఒక పగలు చాలు. ఇప్పుడు మొదటి ఎపిసోడ్ గురించి నువ్వు నోరు తెరిచేలోపు ఎవడో ఆరూ చూసేసి చివర చెప్పేస్తాడు. అందుకే మేం ఇంట్లో రాత్రికి ఒకటే అని పెట్టుకున్నాం. మా మేనకోడలు మాత్రం దుప్పట్లో దూరి ఫోన్‌లో రెండోది చూసేస్తుంది, మర్నాడు తనకేమీ తెలియనట్టు మొహం పెడుతుంది. దాని నటనకి కూడా ఒక గడి పెట్టాలి.

చివరికి నీ మాట దగ్గరికి వస్తున్నాను. నలుగురిలో అసలైన కంప్లైంట్ నీదే. మిగతా ముగ్గురూ సిరీస్ గురించి చెప్పారు, నువ్వు తెర మీద ఏం కనిపించిందో చెప్పావు. బొమ్మ గీతైపోయింది అన్న కోవూరాయనలాగా. యంత్రానికి మొహమెందుకు? మొహం పెట్టినా ఆడమనిషి మొహమే ఎందుకు? టిఫిన్ గురించి, పిల్లల గురించి అడిగే గొంతులో ఇంటి ఇల్లాలి అధికారమెందుకు? ఆ ఇంట్లో దిగిన కుటుంబం ఈ ప్రశ్నలు వేసుకోదు, కొత్త వస్తువు కదా అని మురిసిపోతుంది. తల్లి సమీరా ఒక్కదానికే తేడా కొడుతుంది, ఆమె మాట ఎవరికీ ఎక్కదు. కసాండ్రా అనే పేరు గ్రీకు కథలోది. జరగబోయేది ముందే తెలిసే వరమున్న ట్రాయ్ రాజకుమారి, చెప్పినా ఎవరూ నమ్మరనే శాపం కూడా ఉంది. మన పెద్దలు చెప్పే సహదేవుడికి అన్నీ తెలిసినా బయటికి చెప్పకూడదు, ఈమె చెప్పినా దండగ. పేరు పెట్టింది యంత్రానికి, శాపం తగిలింది ఆ తల్లికి. ఇది నా ఊహ, మొదటి ఎపిసోడ్ అయ్యాక రాత్రి పన్నెండింటికి రాసుకున్నది. కొట్టేయాల్సి వస్తుందో లేదో అప్పటికి తెలియదు.

నువ్వు కూడా ఒక పుస్తకం తీసుకో. మధ్యలో గీత గియ్యి. ఎడమ పక్కన “అమ్మ కోపం ఆపుకుని నవ్వినట్టుంది” అని తేదీ వేసి రాసుకో. కుడి పక్క ఖాళీగా వదిలెయ్. రాత్రికి ఒకటి చొప్పున, జర్మన్‌లో, పెద్ద స్క్రీన్ మీద, ఆ మోషన్ సెట్టింగ్ ఆపి చూడు. రెండోది అయ్యాక మళ్లీ రాయి, మీవాడు ఈసారి ఎక్కడ నిద్రపోయాడో కూడా రాయి. ఆ నవ్వు గురించి మాత్రం ఆరో ఎపిసోడ్ అయ్యేదాకా నన్నడగొద్దు.